కల్లూరుకు పీట మోసుకుపోయిన రోజులు

వారపత్రికల్లోంచి సీరియల్ కాగితాలు చింపి దారంతో కుట్టుకోవడం మా ఇంట్లో అలవాటు. 2008లో ఇంటర్ చదివే నా మనవరాలు అలా కుట్టుకున్న కథలో, చచ్చిపోయిన రాజకుమారుడొకడు ఒక కాలేజీ పిల్ల కిటికీ దగ్గర నిలబడి ఆమెనే చూస్తుంటాడు. ఆమె ఎవరితో మాట్లాడినా అతనికి కోపం.

ఆ జూలైలో కల్లూరు కుర్రవాడొకడు రోజూ సాయంత్రం కర్నూలులోని మా ఇంటి ఎదుట నిలబడడం మొదలుపెట్టాడు. అతను వద్దన్నాడని పిల్ల స్నేహితురాళ్లను వదిలేసింది. ఇక ట్యూషన్ కూడా మానేస్తానంది.

“ఎంత ప్రేమో చూడవ్వా! అచ్చం కథలో మాదిరే.”

మరునాడు పొద్దున్నే పీట చంకన పెట్టుకుని షేర్ ఆటోలో కల్లూరు పోయాను. అతని ఇల్లు కనుక్కుని, వాకిలి ఎదుట పీటేసుకుని కూర్చుని అతన్నే చూశాను. అతను బయటికొస్తే వెంట నడిచాను. టీకొట్టు దగ్గర స్నేహితులతో నవ్వుతుంటే, “వాళ్లతో నీకేం మాటలప్పా?” అని నిలదీశాను.

“నీకేం కావాల అవ్వా?”

“ఏం లేదప్పా. నిన్ను ప్రేమగా చూస్తాండా.”

రోజూ పోయాను. ఆదివారం మనవరాలిని తీసుకుపోయి పక్కింటి గోడ చాటున నిలబెట్టాను. నన్ను చూడగానే అతను లోపలికి పరుగెత్తాడు.

“మా, ఆ ముసిల్ది మళ్లా వచ్చిందిమా! నాకు శానా భయమైతాండాది, తలుపెయ్యి!”

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో పిల్ల నెమ్మదిగా అంది: “వాడంటే నాక్కూడా భయమే అవ్వా. అదే ప్రేమనుకున్న్యా.”

సోమవారం ట్యూషన్‌కు పోయింది. ఇక నేను కల్లూరు పోనక్కర్లేదు. అయినా ఇంకో వారం పోయాను. నా కోపం ఇంకా తీరలేదు.