నా అర్జీ చేసిన పని

మా ఊరు ఓట్లు వేసి గెలిపించుకున్న సర్పంచ్‌ను ఆమె కుర్చీలో ఒక్క పూట కూడా కూర్చోనివ్వలేదు. ఆ కుర్చీలో ఆమె మొగుడు కూర్చున్నాడు. కాగితాల కట్ట ఇంటికి వచ్చేది, ఆమె వంటింట్లో నిలబడి సంతకాలు పెట్టేది, కట్ట తిరిగి ఆఫీసుకు పోయేది. ఇది అన్యాయం. దీన్ని మెత్తగా చెప్పడం నాకు చేతకాదు.

నేను బడిలో చదివింది ఐదో తరగతి వరకే. మిగతాదంతా మగ్గం గుంట పక్కన చదివాను. నగరి చుట్టుపక్కల ఊళ్ళలో అప్పుడు చేతిమగ్గాలే. నలుగురు నేస్తుంటే ఒకడు పేపరు పైకి చదివి వినిపించడం వాడుక. మా నాయన నేస్తుంటే నేను చదివేవాణ్ణి. తెలియని మాట వస్తే ఆయన దారం నడిపే నాడె ఆపి, "అదేందో కనుక్కో" అనేవాడు. అట్లా కనుక్కుంటూ కనుక్కుంటూ ముసలివాణ్ణయ్యాను.

మరమగ్గాలు వచ్చాక ఆ చప్పుడులో పేపరు సంగతి అటుంచండి, పక్కవాడు అరిచినా వినపడదు. అందుకని వారానికి ఒక రోజు కరెంటు తీసేసే పూట మేము సభ పెట్టుకున్నాం. సభ అంటే పెద్దది ఏమీ లేదు. మగ్గాలు ఆగాక నూలు మూటలు పక్కకు నెట్టి, షెడ్డులో చాపలు పరచుకుని కూర్చోవడమే. పాలెగాళ్ళు పన్ను ఎట్లా పిండారు, మద్రాసులో కూర్చున్న తెల్లదొర మా తాతల మీద అధికారం ఎట్లా చేశాడు, జమీందార్లు పోయాక మునసబులూ కరణాలూ ఎట్లా మిగిలారు, వాళ్ళూ పోయి మండలాలు ఎట్లా వచ్చాయి, రాజ్యాంగం పంచాయతీకి ఏమి ఇచ్చింది, ఇచ్చినదాంట్లో మన దాకా వచ్చింది ఎంత. ఇవీ మా మాటలు. ఎక్కువగా చెప్పింది నేనే. ఇరవై ఏళ్ళకు పైగా చెప్పాను.

మా సభకు ఒకటే కట్టుబాటు. ఏ మాటైనా ఎక్కడిదో చెప్పాలి. ఏ పుస్తకంలో చదివావు, ఎవరి నోట విన్నావు, అది ముందు చెప్పి తరువాత విషయం చెప్పాలి. చదువు పట్టా లేనివాడికి పరువు నిలబెట్టేది అదొక్కటే అని నా నమ్మకం. ఎవరైనా "అంటారప్పా" అని మొదలుపెడితే షెడ్డంతా "అనేది ఎవురు? యాడ విన్యావు?" అని లేచేది. ఒకసారి ఒకాయన, పాలెగాడు కోటలో పులిని పెంచినాడని చెప్పాడు.

"ఎవురు చెప్పినారు?" అన్నారు.

"మా అత్త."

"మీ అత్త చూసిందా పులిని?"

"యాడ చూస్తాది? మా అత్తను చూస్తే పులి నిలబడతాదా?"

ఆ రోజు ఇక సభ సాగలేదు.

ఆడవాళ్ళు షెడ్డులోకి వచ్చేవాళ్ళు కాదు. బయట వసారాలో కూర్చుని రాట్నాల మీద నూలును కండెలకు చుట్టేవాళ్ళు. చేతి రాట్నానికి కరెంటుతో పనిలేదు కాబట్టి వాళ్ళకు ఆ రోజు కూడా సెలవు లేదు. వాళ్ళలో ఒకామె మా వీధి కోడలు. నాలుగు మరమగ్గాలున్న ఇల్లు. వరసకు నన్ను పెదనాయనా అని పిలిచేది. చేయి తిరుగుతూనే ఉండేది, చెవి మాత్రం లోపల ఉండేది. ఒక రోజు నేను మునసబుల కథ ముగించి నీళ్ళు తాగుతుంటే బయటినుంచి ఆమె గొంతు వినిపించింది.

"పెదనాయనా, మునసబు పోయినాడంటివి. మునసబు కొడుకే మళ్ళా ప్రెసిడెంటు అయినాడంటివి. అయితే పోయిందేంది?"

 దానికి జవాబు వెతుకుతూ వారమంతా పాత పుస్తకాలు తిరగేసి, మరుసటి సభలో రెండు గంటలు చెప్పాను. చివర్న ఆమె, "సరే పెదనాయనా, సగం అర్థమయింది" అంది. ఆ సగం అన్న మాట నాకు ఎంత సంతోషం ఇచ్చిందో చెప్పలేను. మిగతావాళ్ళంతా ప్రతిసారీ పూర్తిగా అర్థమయిందనే అనేవాళ్ళు మరి.

తరువాత రిజర్వేషనులో మా పంచాయతీ ఆడవాళ్ళకు వచ్చింది. సభలో ఆ కోడలి పేరు చెప్పింది నేనే. ఆమె మొగుడు అడ్డం చెప్పకుండా వెంటనే ఒప్పుకున్నాడు. ఎంత మంచివాడో అనుకున్నాను. మోకాళ్ళ నొప్పులతో ఇల్లిల్లూ తిరిగి, "మీరు మగాడికి వేసి చూసినారు గదా, ఒకసారి చదువరికి వేయండి" అని అడిగాను. గెలిచింది. ప్రమాణం నిలబడి చదివింది, ఒక్క అక్షరం తప్పు పోలేదు. ఆ సాయంత్రమే ఆఫీసు తాళం మొగుడి మొలతాడుకు ఎక్కింది.

మొదటి గ్రామసభకు పోయాను. ఆయన కుర్చీలో ఉన్నాడు. పంచాయతీ కార్యదర్శి పక్కన తల వంచుకుని రిజిస్టరులో ఏదో రాస్తున్నాడు.

"ఏమప్పా, సర్పంచ్ యాడ?" అన్నాను.

"ఇంట్లో ఉండాది మామా. చుట్టాలొచ్చినారు. పనేముండాదో నాతో చెప్పు."

"నీకు ఓటేసినట్టు నాకు గురుతులేదే."

జనం నవ్వారు. ఆయన కూడా నవ్వాడు.

"మొగుడూ పెండ్లాం ఒకటే గదా మామా. అయినా కాడి కింద ఏ ఎద్దుంటే నీకేమి? బండి నడస్తా ఉండాదా లేదా, అది సూడు."

ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు. నా సభలో చాపల మీద కూర్చుని రాజ్యాంగం విన్నవాళ్ళే ఆ నవ్వినవాళ్ళు. ఇరవై ఏళ్ళ మాటలు ఆ నవ్వులో కొట్టుకుపోతుంటే చూస్తూ నిలబడ్డాను.

మరుసటి రోజు ఆమె దగ్గరికి పోయాను. వసారాలో ఒంటరిగా కండెలు చుడుతోంది. ఊరి సర్పంచ్. నేను ఏమీ అడగకముందే తనే మొదలుపెట్టింది.

"మా ఆయన చెడ్డోడేం కాదు పెదనాయనా. కొట్టడు, తిట్టడు. నేను పోయి ఆడ కూచుంటే నలుగురూ నవ్వుతారంట. ఆయనకు తలవంపంట." దారం తెగింది. ముడి వేసి మళ్ళీ తిప్పింది. "కాలనీ ఆడోళ్ళు వచ్చి నీళ్ళ పైపు ఎప్పుడేస్తావమ్మా అంటా ఉండారు. నేను సంతకం పెట్టిన కాగితంలో ఏముండాదో నాకే తెల్దు. వాళ్ళకేమని చెప్పేది? ఒక్కసారి ఆడ కూచుని, ఆ కాగితాలన్నీ నిదానంగా చదవాలని ఉండాది. అంతే." నిండిన కండె తీసి పక్కన పెట్టి, "నీతో కాబట్టి అంటా ఉండా" అంది.

ఆ చివరి మాట నేను విన్నాను. విన్నాను గానీ, నాతో మాత్రమే చెప్పింది అని కాకుండా, నా మీద నమ్మకంతో చెప్పింది, నేను ఏదైనా చేయాలి అని అర్థం చేసుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే, అర్థం చేసుకోవాలని ఉన్నట్టుగా అర్థం చేసుకున్నాను.

ఇంటికి వచ్చి నాలుగు పేజీల అర్జీ రాశాను. చట్టం రాశాను, దాని వెనకున్న చరిత్ర రాశాను. మూడో పేజీలో ఆమె అన్న మాటలన్నీ పూసగుచ్చినట్టు రాసి, కింద మా కట్టుబాటు ప్రకారం ఇట్లా రాశాను: ఈ విషయం సర్పంచ్ గారు స్వయంగా తన నోటితో నాకు చెప్పినది. సాక్ష్యం చూపకుండా మాట చెప్పేవాణ్ణి కాదని ఆ ఆఫీసర్లకు తెలియాలనుకున్నాను. రాసిన తరువాత రెండుసార్లు పైకి చదువుకుని గర్వపడ్డాను కూడా.

సోమవారం అర్జీలు తీసుకుంటారంటే పొద్దున్నే బస్సెక్కి చిత్తూరు పోయాను. జిల్లా ఆఫీసు వరండాలో ఇత్తడి రేకులాగా కాలుతున్న గోడకు ఆనుకుని మధ్యాహ్నం దాకా నిలబడ్డాను. గుమాస్తా అబ్బాయి పేజీలు లెక్కపెట్టి, "ఇంత రాసినావు తాతా, ఎవురు చదవతారు?" అన్నాడు.

"చదివేవాడు ఉంటాడనే గదా నాయనా, ఈడ ఇంత పెద్ద ఆఫీసు కట్టింది."

అతను నవ్వి ముద్ర వేశాడు.

ఆ తరువాత నాలుగు సోమవారాలు పోయాను. పరిశీలనలో ఉంది అన్నారు. నా అర్జీ జిల్లా నుంచి మండలానికి పోయింది, మండలం నుంచి విచారించి రాయండి అని పంచాయతీకి వచ్చింది. ఎవరి మీద రాశానో వాళ్ళ బల్ల మీదికే వచ్చింది. మునసబు మీద అర్జీ పెడితే విచారణ మునసబుకే అప్పగించేవాళ్ళని మా నాయన చెప్పగా విన్నవాణ్ణి. ఆ సంగతి సభలో ఎన్నోసార్లు చెప్పినవాణ్ణి. నా చేతి కాగితానికి మాత్రం ఆ గతి పట్టదని ఎట్లా అనుకున్నానో!

ఆ వారం కరెంటు పోయిన పూట అందరం షెడ్డులో ఉన్నాం. ఆమె మొగుడు నా అర్జీ పట్టుకుని లోపలికి వచ్చాడు. కోపంగా లేడు. చాప మీద కూర్చుని, మూడో పేజీ తీసి, ఒక్కొక్క మాట నిలిపి నిలిపి చదివాడు. కాలనీ పైపు, తలవంపు, కాగితాలు చదవాలన్న కోరిక, అన్నీ. చదివి నా వైపు చూశాడు.

"యాడ విన్యావు అని అడగండప్పా నన్ను. అడగరే? మామ చేతిరాతే ఇది. ఎవురు చెప్పినారో కూడా కింద రాసి పెట్టినాడు."

 బయట వసారాలో ఒక రాట్నం ఆగిన చప్పుడు, ఎవరో లేచి పోయిన చప్పుడు వినిపించాయి.

ఆమె మళ్ళీ ఆ వసారాలోకి రాలేదు. వాళ్ళ ఇంటి పెరట్లో రాట్నం పెట్టుకుందని తెలిసింది. నేను రెండు వారాలు సభకు పోయాను. ఒక మూల కూర్చుని లేచి వచ్చాను. మూడో వారం పోలేదు, ఎవరూ పిలవనూ లేదు. ఒక రోజు రేషను షాపు దగ్గర ఎదురయింది. "తప్పు చేసినాను తల్లీ" అన్నాను. పక్కనున్న ఆడవాళ్ళ వైపు ఒకసారి చూసి, సంచి ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకుని వెళ్ళిపోయింది. ఆ మొగుడి మీద, ఆ ఆఫీసుల మీద, ఆ నవ్విన జనం మీద నాకున్న కోపం ఇప్పటికీ ఒక్క పిసరు తగ్గలేదు. అయితే ఆమె మాట మోసుకుపోయి వాళ్ళ చేతికి ఇచ్చినవాణ్ణి నేను. వాళ్ళకు ఆ మాట ఇంకో దారిన దొరికేది కాదు.

వానలు మొదలయ్యాక పోస్టులో ఒక కవరు వచ్చింది. అరపేజీ కూడా లేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను:

"తమరు సమర్పించిన అర్జీపై విచారణ జరుపబడినది. సర్పంచ్ గారు కార్యాలయమునకు స్వయముగా హాజరై, తన విధులను తానే నిర్వహించుచున్నాననియు, అర్జీలో పేర్కొన్న మాటలు తాను ఎవరితోనూ అనలేదనియు, అర్జీదారు ఎవరో తనకు తెలియదనియు వాంగ్మూలము ఇచ్చి సంతకము చేసినారు. కావున తమరి అర్జీ ఇంతటితో ముగించడమైనది."