బటన్ నొక్కి ఉన్నంతసేపు

హామ్ రేడియో పరీక్ష ఎందుకు రాశానో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాసుకోలేదు. అడిగినవాళ్లతో "వరదలప్పుడు పనికొస్తుంది" అనేదాన్ని. అది అబద్ధం కాదు. కానీ అసలు కారణం సెట్టు మీదుండే బటన్. దాన్ని నొక్కి మాట్లాడుతున్నంతసేపు వింటున్నవాళ్లు మనకు అడ్డు రాలేరు. ఇంట్లోనూ కాలేజీలోనూ నేను మొదలుపెట్టిన మాటను ఇంకెవరో పూర్తిచేసేవారు. ఒక్కసారైనా చివరిదాకా మాట్లాడాలని ఉండేది.

హిందూపురంలో మా రేడియో బృందంలో ఆడపిల్లను నేనొక్కదాన్నే. ఏ కార్యక్రమమైనా నన్ను పేర్లు రాసుకునే బల్ల దగ్గరే కూర్చోబెట్టేవారు. అందుకే, హిందూపురం నుంచి ధర్మవరానికి సైకిల్ యాత్ర పెట్టి, నన్ను పెనుకొండ కొండ మీద ఉండమన్నప్పుడు పొంగిపోయాను. హిందూపురంలో మాట్లాడేది ధర్మవరం వైపు సెట్లకు అందదు. కొండ మీదున్న మనిషే ఇటు మాట అటు, అటు మాట ఇటు చేరవేయాలి. ఇందులో బాగా చేసినవాళ్లను వరద సహాయ బృందంలో వేసుకుంటామని, హిందూపురంలో కూర్చుని అందరి సెట్లనూ నడిపించే కంట్రోల్ చూసే పెద్దాయన అన్నారు.

ఒంటరిగా పంపనని నాయన కూడా కొండెక్కాడు. కోటగోడ నీడలో కూర్చుని చెనక్కాయలు ఒలుచుకుంటూ అడిగాడు.

"సెల్లు ఉండగా ఇదేంటికమ్మా?"

"సెల్లు పనిచేయనప్పటికి, నాయనా."

"ఇప్పుడు పనిచేస్తాండాది గదా?"

ఎండ ముదిరాక ధర్మవరం దారిలో ఉన్న వాలంటీరు సెట్టులో పిలిచాడు. సైకిల్ మీద పోతున్న ఒకాయన స్పృహ తప్పి పడిపోయాడట. అతను చెప్పిన నంబరును బట్టి ఎవరో గుర్తుపట్టాను. బట్టల కొట్టాయన. పొద్దున నేను కొండకు బయల్దేరకముందు హిందూపురంలో నా దగ్గరే పిన్నీసు అడిగి తీసుకుని, చొక్కాకు నంబరు గుచ్చుకున్నాడు.

"అంబులెన్సు దూరంలో ఉండాదంట మేడం. మన వ్యాన్ పంపీండి, బిర్నా!"

మా వ్యాన్ కొండ కిందే, నా కంటికి కనబడుతూ ఉంది. కానీ కంట్రోల్ చెప్పనిదే కదలొద్దని దాని డ్రైవరుకు ముందే గట్టిగా చెప్పారు. కంట్రోల్‌ను పిలవబోయాను. సరిగ్గా అప్పుడే హిందూపురం సభలో, దారిలో ఉన్నవాళ్లకూ ప్రసంగం వినిపించాలని ముఖ్య అతిథి చేతికి సెట్టు ఇచ్చారు.

"క్రీడాభిమానులకు, పెద్దలకు, యువతకు..."

ఆయన బటన్ నొక్కి పట్టుకున్నారు. నొక్కి ఉన్నంతసేపు ఆ సెట్టులో ఎవరి మాటా వినబడదు. నేను దేనికోసం పరీక్ష రాశానో అదే నా గొంతు మీద కూర్చుంది. పెద్దాయనకు ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాను. సైకిల్ తొక్కితే మోకాళ్లకు ఎంత మంచిదో అతిథి వివరిస్తూనే ఉన్నారు.

"ఏమైంది?" అన్నాడు నాయన. చెప్పాను.

"ఆ బండి ఈడనే గదా ఉండాది! అర్సు!"

అరిస్తే అంత కిందికి వినబడదు. ఒకరు మాట్లాడుతుండగా ఇంకొకరు బటన్ నొక్కడం మా బృందంలో పెద్ద తప్పు. అయినా వ్యాన్‌కు హిందూపురం దూరం, నేను దగ్గర. ఇద్దరం ఒకేసారి మాట్లాడితే దాని సెట్టులో నా గొంతే పైకొస్తుంది. నొక్కాను.

"వ్యాన్, ధర్మవరం రోడ్డులో మనిషి పడిపోయాడు. వెంటనే బయల్దేరండి."

బటన్ వదిలాను. మాట పూర్తయింది.

"కంట్రోల్ చెప్పల్ల గదమ్మా," అన్నాడు డ్రైవరు.

"వాళ్లకు వినపడదన్నా. నేను చెప్తాండా, పో!"

వ్యాన్ కదిలింది. అతిథి ప్రసంగం ఇంకా ముగియలేదు.

సాయంత్రం మేము హిందూపురం చేరేసరికి షామియానా విప్పుతున్నారు. బట్టల కొట్టాయనకు ఆస్పత్రిలో సెలైన్ పెట్టారని, తెలివొచ్చిందని డ్రైవరు ఫోన్ చేసి చెప్పాడు. ఆ సంగతి పెద్దాయనకు చెప్పాలని వెళ్లాను. ఆయనకు అప్పటికే నా మీద ఫిర్యాదు అందింది. పెనుకొండ చుట్టుపక్కలున్న వాలంటీర్లకు ప్రసంగం మధ్యలో కీచుమంటూ తెగిపోయిందట. జరిగింది మొదటినుంచి చెప్పబోయాను. సగంలోనే చెయ్యి అడ్డం పెట్టారు. మరి వరద బృందం సంగతేమిటని అడిగాను. కుర్చీలు మడతపెడుతున్నవాళ్ల వైపు చూస్తూ అన్నారు.

"సారు మాట్లాడేది అయ్యేదాకా రోంత తాళింటే ఏం పోయేది పాపా?"