పదమూడో పోర్టు లైటు

దయ్యాలు, గాలి సోకడాలు, చేతబడులు ఇవేవీ నేను నమ్మేవాణ్ణి కాదు. నమ్మడానికి తీరిక కూడా ఉండేది కాదు. విజయవాడలో చిన్నా పెద్దా ఆఫీసులన్నీ కంప్యూటర్లు పెట్టుకుంటున్న రోజులవి. వాటిని ఒకదానితో ఒకటి కలపడం నా పని. వైరు గుచ్చిన చోట లైటు వెలగలేదంటే వైరు తెగినట్టు. వెలిగిందంటే అవతల ఏదో మిషను ఉన్నట్టు. అంతకుమించి ఆలోచించాల్సిన అవసరం నాకెప్పుడూ రాలేదు, ఒక్కచోట తప్ప.

పేర్లు మార్చి రాస్తున్నాను. రెండువేల మూడు ప్రాంతం. కైకలూరు దగ్గర రోడ్డు పక్కన ఒక చేపల కంపెనీ. చెరువుల నుంచి వచ్చిన చేపని ఐసులో పెట్టి కలకత్తా లారీలు ఎక్కిస్తారు. యజమాని నాగభూషణం గారు. వెనకాల ఐసు ప్లాంటు, ప్యాకింగు షెడ్డు చూసుకునేది ఆయన బావమరిది వీర్రాజు. ఇద్దరికీ పడదు.

నేను మొదటిసారి వెళ్లిన రోజున వీర్రాజు షెడ్డులో ఒక కూలీని చెప్పుతో కొడుతున్నాడు. ముక్కులోంచి రక్తం కారుతున్నా ఆపలేదు. నాగభూషణం గారు కిటికీలోంచి చూసి, "మనకెందుకులెండి, మీరు పని చూడండి" అన్నారు.

మొత్తం ఎనిమిది కంప్యూటర్లు. ఐదు ఆఫీసులో, రెండు షెడ్డులో, ఒకటి ఐసు ప్లాంటులో. అప్పటికే వాళ్ల దగ్గర కంప్యూటర్లని కలిపే చవకరకం ప్లాస్టిక్ హబ్బు ఒకటుంది. ఎండాకాలం మధ్యాహ్నమయ్యేసరికి వేడెక్కి ఆగిపోయేది. హబ్బు ఒకరి మాట అందరికీ అరిచి చెబుతుంది. స్విచ్చి కూడా అలాంటి డబ్బాయే గాని, ఎవరికి చెప్పాలో వాళ్లకే చెబుతుంది. అందుకని స్విచ్చి వేద్దామన్నాను. పేరున్న కొత్తది ఆయనకి అందుబాటులో లేదు. చవకది వేస్తే ఏడాది తిరక్కుండా నన్నే తిడతారు.

చివరికి విజయవాడలో పాత సామాను అమ్మే ఒకాయన దగ్గర ఇరవైనాలుగు పోర్టుల స్విచ్చి, అంటే ఇరవైనాలుగు వైర్లు గుచ్చే కన్నాలున్నది, దొరికింది. ఒక్కో పోర్టుకీ ఒక లైటు. ఇనుప డబ్బా, పవర్ సప్లై లోపలే ఉంది. వారం రోజులు మా షాపులో ఆపకుండా నడిపి చూశాను. ఒక్కసారి మొరాయించలేదు. ఇవాళ ఎవరడిగినా అదే చెబుతాను. పరీక్షించని కొత్తదానికంటే పరీక్షించిన పాతది మేలు.

దాన్ని ఆఫీసు గోడకి బిగించాను. దాని పక్క టేబులు బిల్లులు రాసే విజయలక్ష్మి గారిది. నలభై దాటిన మనిషి, అవసరమైతే తప్ప మాట్లాడదు. రెండు వారాల తర్వాత ఆవిడ ఫోను చేసింది.

"రవి గారూ, పదమూడో దాంట్లో వైరు లేదు కదండీ. మరి రోజూ మూడూ పదికి లైటెందుకు వెలుగుతోందండీ?"

నవ్వుకుంటూ వెళ్లాను. మధ్యాహ్నం మూడూ పదికి వెలిగింది. మూడూ పద్నాలుగుకి ఆరింది. పోర్టు ఖాళీ. తడి ఉందేమోనని శుభ్రం చేశాను. సెట్టింగులన్నీ చెరిపేసి మళ్లీ పెట్టాను. చివరికి ఆ పోర్టు ఒక్కదాన్నీ పూర్తిగా ఆపేశాను. మర్నాడు అదే టైముకి వెలిగిందని మళ్లీ ఫోను వచ్చింది.

ఇంకో సంగతి. కరెంటు పోయి వస్తే ఆ స్విచ్చి లోపలి గడియారం సున్నా నుంచి మొదలవుతుంది. అక్కడ రోజుకి నాలుగైదుసార్లు కరెంటు పోయేది. అంటే మూడూ పది ఎప్పుడవుతుందో దానికి తెలిసే దారే లేదు.

"మిగతావి పనిచేస్తున్నాయిగా, వదిలెయ్యండి" అన్నారు నాగభూషణం గారు. విజయలక్ష్మి గారు మాత్రం రోజూ మూడింటికి లేచి వరండాలోకి పోయి, అది ఆరాకే లోపలికి వచ్చేది.

ఇవతల వీర్రాజు గొడవ ముదిరింది. ఐసు ప్లాంటులో కంప్యూటరు పెట్టడం అతనికి గిట్టలేదు. ఒకరోజు చేపల కత్తితో నా వైరు తెగనరికి, ఆ ముక్క తెచ్చి నా ఒళ్లో పడేశాడు.

"నా మీద కాపలాకి పెట్టించాడా మా బావ? ఇంకోసారి లాగావంటే నీ చేతులూ ఇట్టాగే తెగుతాయి."

నాగభూషణం గారికి చెప్పాను. వాడంతేలెమ్మన్నారు. నేను కొత్త వైరు లాగాను.

మూడో నెలలో, ఆవిడ భయం చూడలేక ఆ స్విచ్చి మార్చేద్దామని ఇంకోటి పట్టుకెళ్లాను. మూడు దాటింది. కరెంటు తీగ పీకి టేబులు మీద పెట్టాను. వైర్లన్నీ తీశాను. నాలుగు స్క్రూలూ విప్పి డబ్బాని రెండు చేతుల్లోకి తీసుకున్నాను. నాగభూషణం గారు ఫోనులో మాట్లాడుతున్నారు. ఆ పొద్దున షెడ్డు తాళాలు వీర్రాజు దగ్గర్నుంచి లాక్కుని వేరేవాళ్లకి ఇచ్చారన్న సంగతి నాకు తర్వాత తెలిసింది.

వీర్రాజు లోపలికొచ్చాడు. చేతిలో ఐసు దిమ్మల్ని లాగే ఇనుప కొక్కెం. మొదటి దెబ్బ నాగభూషణం గారి కుడి భుజంలో దిగింది. దాన్ని లాగి తీశాడు. చొక్కాతోపాటు కండ వచ్చింది. రెండో దెబ్బ ముఖం మీద. ఆయన కుర్చీతో సహా వెనక్కి పడిపోయారు. కంటి స్థానంలో రక్తం తప్ప ఏమీ కనబడలేదు.

నేను పారిపోవాల్సింది. ఎందుకు అడ్డం వెళ్లానో తెలియదు. మూడో దెబ్బ నా మీదికి వచ్చింది. చేతిలో ఉన్న డబ్బా ఎత్తాను. కొక్కెం పైరేకులోంచి దూసుకుపోయి ఇరుక్కుంది. అతను అటు, నేను ఇటు లాగుతున్నాం.

అప్పుడు చూశాను. పదమూడో లైటు పచ్చగా వెలుగుతోంది. కరెంటు తీగ టేబులు మీదే ఉంది. ఒక్క వైరు కూడా లేదు.

"లైటండీ, లైటు" అంది గుమ్మంలోంచి విజయలక్ష్మి గారు.

వీర్రాజు కొక్కెం వదిలేసి ఇనుప కుర్చీ ఎత్తి కొట్టాడు. నా ఎడమ మణికట్టు విరిగిన శబ్దం నాకే వినిపించింది. ఈలోగా లోడింగు కూలీలు వచ్చి అతన్ని పడేశారు. పడ్డాక కూడా కొడుతూనే ఉన్నారు, పళ్లు రాలిపోయేదాకా. ఎవరూ ఆపలేదు. నేనూ ఆపమనలేదు. కింద పడున్న డబ్బా వైపు చూస్తే లైటు ఆరిపోయి ఉంది. గోడ గడియారంలో మూడూ పద్నాలుగు.

నాగభూషణం గారు బతికారు. ఒక కన్ను పోయింది, కుడి చెయ్యి మళ్లీ లేవలేదు. వీర్రాజు జైలుకి పోయాడు. కొక్కెం దిగిన స్విచ్చిని పోలీసులు పట్టుకెళ్లారు.

చెయ్యి అతుక్కున్నాక పాత సామానాయన దగ్గరికి వెళ్లి అది ఎక్కణ్ణుంచి వచ్చిందో కనుక్కున్నాను. ఒక లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసుది. వెళ్లి అడిగాను. అక్కడ ఎవరూ చావలేదు, ఎవరూ కొట్టుకోలేదు. పెద్ద బిల్డింగులోకి మారుతూ పాత సామాను అమ్మేశారట. ఓనరు నాకు టీ ఇప్పించి పంపాడు.

దీనికంటే ముందు జరిగినదొకటి చెప్పాలి. స్టేషనులో మా ఇద్దరి వాంగ్మూలం తీసుకున్నారు. విజయలక్ష్మి గారు లైటు సంగతి చెప్పింది. ఎస్సై గారు రాయడం ఆపేశారు.

"అమ్మా, కరెంటు లేని డబ్బాలో లైటు వెలిగిందని రాస్తే కోర్టులో కేసే నవ్వులపాలవుద్ది" అని నా వైపు తిరిగారు. "ఈ పని తెలిసినవాళ్లు మీరు. చెప్పండి, వెలిగిందా?"

ఆవిడ నా వైపు చూసింది.

"లేదండీ. కంగారులో అట్టా అనిపించుంటుంది" అన్నాను.

తర్వాత ఆవిడకి మతి చలించిందని ఆఫీసులో అనుకున్నారని, ఉద్యోగం మానేసిందని విన్నాను. మళ్లీ కలవలేదు.

ఆవిడ అబద్ధం చెప్పలేదు. నేనూ చూశాను. అది ఎలా వెలిగిందో నాకు ఈనాటికీ అంతుబట్టలేదు. వెలిగిందని ఆ రోజు ఎందుకు చెప్పలేకపోయానో మాత్రం తెలుసు. పని తెలిసినవాణ్ణన్న పేరు పోతుందని.