రెండు డ్రైవర్ల మధ్య

గూడెం కొత్తవీధిలో ఫొటో స్టూడియో నడిపే భాను, కంప్యూటర్ మూత విప్పే ముందు, ఒంట్లో ఉన్న కాస్త కరెంటూ నేలలోకి పోయేలా, చెప్పులు విడిచి కిటికీ ఊచను ఒకసారి తాకుతుంది. కొత్త గ్రాఫిక్స్ కార్డు వచ్చి వారమైనా పెట్టెలోనే ఉంచింది. పాత కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్లను, అంటే డ్రైవర్లను, పూర్తిగా తీసేయందే కొత్తది పెట్టదు. ఎవరైనా తొందరపెడితే, "కొత్త పండగ సెయ్యకుండా కొత్త మామిడి తింతామేటి?" అంటుంది. ఇవాళ పాతవన్నీ తీసేసి, కొత్త కార్డు బిగించి, తెర వెలిగించింది. కొత్త డ్రైవరు ఇంకా ఎక్కని ఆ కాసేపూ తెరమీద అన్నీ పెద్దపెద్దగా, మసకగా, కాఫీతోటలోకి పొద్దుటి మంచు దిగినట్టు ఉంటాయి. ఆ కాసేపంటే భానుకి ఇష్టం. ఇవాళా టీ గ్లాసు పట్టుకుని ఊరికే చూస్తూ కూర్చుంది.

అప్పుడే కనక వచ్చింది. పోయిన భర్త ఫొటో గోడకు తగిలించుకునేంత పెద్దది చేయమని ఇచ్చి వెళ్లిన ముసలామె. "ఒకపాలి మా ముసిలోణ్ని సూపించమ్మా" అంది. భాను ఫొటో తెరిచింది. తెర నిండా ఆయన ముఖం, అంచులు కరిగిపోయి, మంచులోంచి నడిచి వస్తున్నట్టుంది. కనక ముందుకు జరిగింది. "కొత్త డ్రైవరు ఎక్కిత్తే మొకం తేటగా అవుద్ది అమ్మమ్మా. కాపోతే తెరమీద కొంచెం సిన్నగా కనబడతాడు" అంది భాను, డ్రైవరున్న పెన్‌డ్రైవు చేతిలోకి తీసుకుంటూ. కనక తెర మీంచి కళ్లు తిప్పలేదు. "దగ్గరికి వత్తన్నాడు. కాసేపు రానీయమ్మా" అంది. భాను పెన్‌డ్రైవు సొరుగులో పడేసి, తన టీ సగం ఇంకో గ్లాసులో పోసింది.