విషం ‘తీసుకోవడం’ అంటే

ఈ రోజు మధ్యాహ్నం మా బడిలో వంట చేసే మరియమ్మ ఒక ఉత్తరం తెచ్చి నా చేతిలో పెట్టింది. మాది అద్దంకి దగ్గర ఊరు. ఆ మధ్య ఆమె భర్త పత్తిచేలో పురుగుమందు కొడుతుండగా గాలి తిరిగి అది అతని మొహాన పడింది. రెండు రోజులు ఆసుపత్రిలో ఉండి చనిపోయాడు. ప్రమాద బీమా ఉంది. కానీ “విషం తీసుకోవడం వల్ల కలిగిన మరణానికి పాలసీ వర్తించదు” అని బీమా కంపెనీ ఆ ఉత్తరంలో రాసింది.

ఇరవై ఏళ్ళుగా తెలుగు చెబుతున్నానన్న ధీమాతో వాళ్ళ ఆఫీసుకు ఫోన్ చేశాను.

“తీసుకోవడం అంటే తనంతట తాను తీసుకోవడం కదండీ. ఈయన తీసుకోలేదు, గాలికి లోపలికి పోయింది” అన్నాను.

“విషం ఒంట్లోకి వెళ్ళిందా లేదా మేడమ్?” అన్నాడు అవతలాయన, మర్యాదగానే.

“వెళ్ళింది.”

“మాకు రెండూ ఒకటేనండి. కావాలంటే అప్పీలు పెట్టుకోండి.”

సరే, రాద్దామని కాగితం తీశాను. మరియమ్మ నా చెయ్యి పట్టుకుంది.

“డబ్బులు ఇయ్యకపోతే మానె టీచర్ గారూ. ఆ ‘తీసుకోవడం’ అన్న మాట మాత్రం కొట్టేయించండి. రేపు నా కూతురు ఈ కాగితం చదివితే, వాళ్ళ నాన్న పురుగుమందు తాగి చచ్చాడనుకోదా?”

అప్పీలు రాసి పోస్టు చేశాను. పిల్లల పరీక్ష పేపర్లలో రోజూ ఎన్నో తప్పు మాటలు ఎర్రసిరాతో కొట్టేస్తాను. ఈ ఒక్కటి నా చేతిలో లేదు. ఎవరికి రాస్తే కొట్టేస్తారో మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.