గోడ అవతలి బల్లెం

పూర్తి పేరుతో ఆయనను పిలిచినవాళ్లు తక్కువ. బట్టలుతికే ఫ్యాక్టరీలో చిన్నా పెద్దా అందరికీ ఆయన బాయిలర్ బాబాయి. టీచరమ్మను మొదటిసారి కలిసింది కూతురి తరగతి గది గుమ్మంలో, నూనె మరకల చొక్కాతో, నేరం చేసినవాడిలా నిలబడి.

"మీ అమ్మాయి పాఠం చదివితే ముందు బల్లవాళ్లకే వినిపించదు. ఇంట్లో భయపెడతారా?" అని ఆమె నిలదీసింది.

"అయ్యో, లేదమ్మా. మా క్వార్టర్‌కీ బాయిలర్ గదికీ మధ్య ఒక్కటే గోడ. ఆవిరి చప్పుడు మారితే నాకు తెలియాలి. అందుకే ఇంట్లో గొంతు పెంచొద్దంటాను. ఆ బాయిలర్ మాకు పక్కలో బల్లెం."

టీచరమ్మ ముఖంలో కోపం కాస్త సడలింది. ఆ వారమే ఆమె ఆ జాతీయాన్ని పిల్లలకు వివరించి ఉంది: ఎక్కడో దూరాన పొంచి ఉన్న ఆపదను అలా అనరు, మనతోపాటే లేచి, మనతోపాటే పడుకుంటూ, ఏ క్షణాన పొడుస్తుందో తెలియనిదాన్నే అనాలి.

"మాట సరిగ్గానే వాడారు. కానీ బడిలో మాత్రం అమ్మాయి గట్టిగానే చదవాలి" అంది.

బాబాయి భయం గాలిలోంచి పుట్టింది కాదు. కుర్రతనంలో మరోచోట బాయిలర్ పేలి, పక్కన పనిచేస్తున్న మేస్త్రి ఒళ్లు కాలిపోవడం ఆయన కళ్లారా చూశాడు. నాటినుంచి సెలవురోజున కూడా చెవిని గోడకే అప్పగించాడు. ఇంట్లో రేడియో లేదు. గిన్నెల కింద గుడ్డ పరిచేవారు.

"బాబాయ్, మీ ఆలుమగలు పోట్లాట కూడా సైగలతోనే కానిచ్చేస్తారా?" అని తోటివాళ్లు ఆటపట్టిస్తే, భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేది. ఆ నవ్వూ పెదవి దాటేది కాదు.

ఒక సెలవురోజు మధ్యాహ్నం ఆవిరి చప్పుడులో ఏదో తేడా తోచి, ఆయన గోడకు చెవి ఆనించాడు. వెనక వంటగదిలోంచి "ఏవండీ" అన్న పిలుపు వచ్చింది. మామూలు పిలుపే, మామూలు గొంతే. తిరిగి చూడకుండానే చెయ్యెత్తి, "ఉండవే, ఒక్క నిమిషం" అన్నాడు. మరోసారి "ఏవండీ" అంది. ఎత్తిన చెయ్యి దించలేదు. చాలాసేపటికి అవతల చప్పుడు దారిలో పడింది. "ఏం లేదులే, గండం గడిచింది" అంటూ వెనుదిరిగేసరికి, ఆమె వంటగట్టుకు చేరగిలబడి, గుండె పట్టుకుని, చెమటతో తడిసి ముద్దై ఉంది. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది.

పలకరించడానికి టీచరమ్మ వచ్చింది.

"ఒక్క కేక వేస్తే పరిగెత్తుకొచ్చేవాణ్ణి కదమ్మా! అంత నొప్పిలోనూ నా మాట జవదాటలేదు. ఇన్నేళ్లూ నేను గోడవైపే తిరిగి కూర్చున్నాను" అన్నాడు.

ఆమె పొద్దుపోయేదాకా ఆయన దగ్గరే కూర్చుంది.

బాయిలర్ పేలనే లేదు. కొన్నేళ్లకు దాన్ని విప్పి లారీ ఎక్కించి, కొత్తదాన్ని దూరంగా షెడ్డులో బిగించారు. ఈలోగా కూతురు పెళ్లి చేసుకుని వెనకవీధిలోనే కాపురం పెట్టింది. ఆమెకు నెలలు నిండుతున్న రోజులవి. అల్లుడు డ్యూటీకి వెళితే ఒంటరిగానే ఉండేది. ఒకరోజు మెట్లమీద కాలుజారి పడి, పక్కింటివాళ్లను పిలవకుండా, భర్త వచ్చేదాకా అక్కడే కూలబడి ఉందట.

"అరవకపోయావా తల్లీ?"

"నోరు రాలేదు నాన్నా" అంది, గుసగుసగా.

బిడ్డకు ఏమీ కాలేదని డాక్టరు చెప్పాడు.  అయినా బాబాయి తిన్నగా టీచరమ్మ ఇంటికి వెళ్లాడు. అప్పటికే రిటైరైన ఆమె మంచినీళ్లిచ్చి కుర్చీ చూపించింది. ఆయన కూర్చోలేదు. ఆ తరువాత ఏనాడూ ఆయన ఆమెను ఏమీ అడగలేదు. అడిగిన ఆఖరి సాయం ఇదే:

"నేను చెబితే అది నా మొహం చూసి తలూపి ఊరుకుంటుందమ్మా. మీరైతే వింటుంది. రేపు ఒకసారి వెళ్లి, ఎదురింటిదాకా వినబడేలా కేక వెయ్యడం నేర్పండి. బిడ్డ పుట్టేలోపు."