మన్నా గురించి చెప్పిన సూర్యకళ

కూర్మన్నపాలెంలో స్త్రీల కూడిక జరిగిందంటే వాక్యం చెప్పేది సూర్యకళే. భర్త నీలకంఠం స్టీల్‌ప్లాంటులో పనిచేస్తాడు. వాళ్ళది గట్టి శ్లాబు ఇల్లు. అందుకే తుఫాను వెళ్ళిన మర్నాడు సంఘానికి వచ్చిన టార్పాలిన్లను పాస్టరుగారు వాళ్ళింట్లోనే దింపించి, కప్పులు లేచిపోయినవాళ్ళకు పంచమని ఆమెకు అప్పగించారు.

పంచింది. నాలుగు మాత్రం అటకెక్కాయి. మేడ మీద గది వేసుకోబోతున్నారు కదా, సిమెంటు బస్తాల మీద కప్పడానికి ఉంటాయిలే అనుకుంది. ఆ సాయంత్రమే చర్చి ఊడ్చే సీతాలు వచ్చింది.

"నాకొకటుందేటమ్మా? మనవరాల్ని ఎట్టుకుని తడిసిపోతన్నాను."

"అయిపోనాయి సీతాలూ," అంది సూర్యకళ. గొంతైనా తడబడలేదు.

నెల తిరిగాక కూడికలో మన్నా గురించి చెప్పింది. ఎడారిలో ఇశ్రాయేలీయులకు దేవుడు ఏ రోజు తిండి ఆ రోజుకే ఆకాశం నుంచి కురిపించాడని, రేపటికని దాచుకున్నది తెల్లారేసరికి పురుగుపట్టి కంపుకొట్టిందని, ఎప్పటిలా చక్కగా చెప్పింది.

వెనక నుంచి సీతాలు అడిగింది. "దాసుకున్నోలు ఆకలేసి దాసుకున్నారేటమ్మా? కడుపు నిండినాకే కదా?"

ఎత్తిపొడుపు కాదు, తెలియకే అడిగింది. సూర్యకళకు అటక మీది టార్పాలిన్లు గుర్తొచ్చాయి. ముగింపు ప్రార్థన ఎలా చేసిందో ఆమెకే తెలీదు.

ఇంటికి రాగానే అటకెక్కి, మడత విప్పని ఆ నాలుగూ దింపి సీతాలు ఇంటికి మోసుకెళ్ళింది. కప్పు మీద ఏదో కొట్టు ప్రారంభోత్సవం ఫ్లెక్సీ కట్టి ఉంది. గోడలు ఇంకా చెమ్మగానే ఉన్నాయి. లోపల పిల్ల దగ్గుతోంది.

"ఇవి మా ఇంట్లోనే ఉన్నాయి సీతాలూ. అయిపోనాయని అబద్ధమాడినాను."

"నానొచ్చినప్పుడూ ఉన్నాయా?"

"ఉన్నాయి."

సీతాలు ఫ్లెక్సీ వైపు చూసింది. "రెండిక్కడెట్టు. రెండు పక్కింటి పోతమ్మకియ్యి. దానింటి మీద ఇప్పటికీ ఏటీ నేదు."

పర్లేదని గానీ, క్షమించానని గానీ అనలేదు. పోతమ్మ గుమ్మంలో అదే మాట మళ్ళీ ఒప్పుకోవాల్సి వచ్చింది. రెండోసారి ఇంకా కష్టమైంది. మరుసటి కూడికలో అందరి ముందూ చెప్పింది. పాస్టరమ్మ సర్దిచెప్పబోతే, వద్దని తల అడ్డంగా ఊపింది.

సూర్యకళ తప్పుకోవడంతో ఇప్పుడు వాక్యం సంఘంలోనే మరొకావిడ, హేమశ్రీ చెబుతోంది. సూర్యకళ వెనక వరసలో కూర్చుంటుంది. సీతాలు కాస్త జరిగి, "ఇలా కూకో అమ్మా," అని చాప మీద చోటిస్తుంది. సూర్యకళ ఇప్పటికీ తలెత్తకుండానే వెళ్ళి ఆమె పక్కన సర్దుకుంటుంది.